నాలుగు ఈక పోగులు, మూరెడు రాగి తీగ

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ట్రౌట్ చేప కోసం ఫ్లై గాలం (ఈకలతో పురుగులా కట్టిన ఎరతో వేసే గాలం) వేసే పాఠకులు, అందులోనూ ఇంగ్లండు, అమెరికాల్లో ఉన్నవాళ్లు, ఫెజెంట్ టెయిల్ నింఫ్‌ను (ఫెజెంట్ అనే కోడి జాతి పక్షి తోక ఈకతో చేసే ఎరను) ఇంట్లో కట్టుకోవడం గురించి అడిగిన ప్రశ్నలివి. కొత్తవాళ్ల కోసం ఒక మాట. నింఫ్ అంటే నీటి అడుగున రాళ్ల సందుల్లో పెరిగే పురుగుపిల్ల. రెక్కలొచ్చి పైకి ఎగిరేదాకా దాని బతుకంతా నీళ్లలోనే. దాన్ని పోలేలా కొక్కెం మీద ఈకలూ తీగా చుట్టి చేసిన ఎరనీ నింఫ్ అనే పిలుస్తారు. కొక్కెంలో నైలాన్ దారం దూర్చే చోటుని బెజ్జం అనీ, వంకర లేని భాగాన్ని కాడ అనీ, వెనక తిరిగే భాగాన్ని వంపు అనీ రాస్తున్నాం.

షాపులో కొన్న ఫెజెంట్ టెయిల్ నింఫ్‌కి కాళ్లున్నాయి, ఛాతీ ఆకుపచ్చగా మెరుస్తోంది. మా క్లబ్బులో పెద్దాయన కట్టినదానికి అవేమీ లేవు, దారం కూడా లేదు. ఏది అసలుది? – ఒక పాఠకుడు, లీడ్స్

పెద్దాయన కట్టినదే మొదటిది. విల్ట్‌షైర్‌లో ఏవన్ నది మీద, నెదరేవన్ దగ్గర నది సంరక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ (1906–1980) దాన్ని తయారుచేశాడు. సుద్దరాతి నేలలోంచి ఊరి వచ్చే నీళ్లవి, అద్దంలా ఉంటాయి. చేప అడుగున ఏం తింటోందో ఒడ్డు మీద నుంచే చూడొచ్చు. మేఫ్లై అనే నీటి పురుగుల్లో బేటిస్ జాతి పిల్లలు ఈదేటప్పుడు కాళ్లు పొట్టకి ఆనించి ముడుచుకుంటాయని సాయర్ గమనించాడు. ఈదే పురుగుకి కాళ్లు కనపడనప్పుడు కొక్కెం మీద మాత్రం ఎందుకని తీసేశాడు. దారం కూడా మానేసి సన్న రాగి తీగతోనే కట్టాడు. ఈకల్ని పట్టి ఉంచేదీ, బరువిచ్చేదీ, ఈక పోగుల సందుల్లోంచి ఎర్రగా మెరిసేదీ ఆ తీగే.

కాళ్లూ నెమలి ఈక ఛాతీ ఉన్నది అమెరికా రకం. మోంటానాలో గైడుగా పనిచేసిన ఆల్ ట్రోత్ పేరు దానికి చెబుతారు. జోరుగా పారే నీళ్లలో ఎర, చేప ముందునుంచి చిటికెలో వెళ్లిపోతుంది, కాబట్టి కాస్త మెరుపూ కాస్త కదలికా అక్కడ పనికొస్తాయి. నిదానంగా పారే తేట నీళ్లలో మాత్రం మా ఓటు సాయర్ రకానికే. నేర్చుకోవడం కూడా దానితోనే మొదలుపెట్టండి. రెండే సరుకులు కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే కనిపిస్తుంది.

సాయర్ పద్ధతిలో 14వ నంబరు నింఫ్ కట్టడానికి ఏమేం కావాలి, ఎంతెంత కావాలి? వరసగా చెప్పండి. వీడియోల్లో చేతులు మరీ వేగంగా కదులుతున్నాయి. – ఒక పాఠకుడు, డెన్వర్

ముందు సరుకు. 14వ నంబరు కొక్కెం ఒకటి (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, 16 కంటే 14 పెద్దది). 0.1 నుంచి 0.15 మి.మీ. మందం ఉన్న రాగి తీగ మూరెడు, అంటే 45 సెం.మీ. మగ ఫెజెంట్ తోక నడిమి ఈక నుంచి నాలుగు పోగులు. 16వ నంబరుకి మూడు పోగులు చాలు, 12కి ఐదు. పనిముట్లలో వైస్ (కొక్కెాన్ని కదలకుండా పట్టే బిగింపు), చిన్న కత్తెర, సన్న మొన ఉన్న పటకారు, ఒక సూది ఉంటే సరిపోతుంది. తీగని బాబిన్‌లో (తీగ చుట్టని పట్టే పిడిలో) పెట్టుకుంటే చేతికి సుఖం, లేకపోయినా పని ఆగదు.

కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లుని పటకారుతో నొక్కి చదును చెయ్యండి. ఈ పని కట్టకముందే చెయ్యాలి. ఒక్కోసారి నొక్కేటప్పుడు మొనే విరుగుతుంది, అది మొదట్లో విరిగితే పోయేది ఒట్టి కొక్కెమే. తర్వాత కాడ నేలకి సమాంతరంగా ఉండేలా వైస్‌లో బిగించండి.

బెజ్జానికి 1.5 మి.మీ. వెనక తీగ మొదలుపెట్టండి. తీగ కొసని కాడ వెంట పడుకోబెట్టి, దాని మీదుగానే ఐదారు చుట్లు వేస్తే అది జారదు. మిగిలిన కొసని అటూ ఇటూ ఆడిస్తే విరిగి వచ్చేస్తుంది. కత్తెరతో కోస్తే కత్తెరే మొండిబారుతుంది. చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా వంపు మొదలయ్యే చోటుదాకా వెళ్లి, మళ్లీ ముందుకి రండి. కాడలో ముందువైపు మూడో వంతు ఛాతీ. అక్కడ తీగని ముందుకీ వెనక్కీ మూడు వరసలు చుట్టి చిన్న బొడిపె చెయ్యండి. పక్కనుంచి చూస్తే గోధుమ గింజకి సగం ముక్కలా ఉండాలి. ఇక తీగని ఎడంగా రెండు మూడు చుట్లతో వంపు దగ్గరకి తెచ్చి ఆపండి.

ఇప్పుడు ఈక. నాలుగు పోగుల్ని ఈనెకి అడ్డంగా లాగి పట్టుకుంటే కొసలన్నీ సమానంగా వస్తాయి. అప్పుడే మొదట్లో కత్తిరించండి. కొసలు వంపు వెనక 3–4 మి.మీ. బయటికి ఉండేలా పెట్టి, తీగతో రెండు చుట్లు బిగించండి. అదే తోక. తోక పొడవైతే నింఫ్ మొత్తం పొడవుగా కనపడుతుంది, చేప తోక కొస మాత్రమే నోట పట్టి వదిలేస్తుంది కూడా.

అసలు కిటుకు ఇక్కడుంది. మిగిలిన పోగుల్నీ తీగనీ కలిపి నాలుగైదు మెలికలు తిప్పండి, వదులుగా పేనిన తాడులా వస్తుంది. ఆ తాడుతోనే బెజ్జం వైపు చుట్టుకుంటూ వెళ్లండి. చుడుతుంటే మెలిక విప్పుకుపోతోందంటే తిప్పే దిశ తప్పింది. వెనక్కి విప్పి రెండోవైపు తిప్పండి. మెలిక మరీ ఎక్కువైతే ఈక పోగులు పుటుక్కున తెగుతాయి, అప్పుడు మొదటికి రావాల్సిందే. తాడు సరిగ్గా పడితే పొట్ట వెనక సన్నంగా ఉండి ముందుకి వచ్చేకొద్దీ కొంచెం కొంచెం లావవుతుంది, ముదురు గోధుమరంగు మధ్య రాగి గీతలు పలచగా కనిపిస్తాయి.

బెజ్జం వెనకకి చేరాక తీగనీ పోగుల్నీ విడదీసి, పోగుల్ని తీగతో రెండు చుట్లు కట్టండి. తీగ ఒక్కటే ఛాతీ వెనక అంచుకి తీసుకెళ్లండి. పోగుల్ని ఛాతీ మీదుగా వెనక్కి మడిచి రెండు చుట్లు వెయ్యండి. తీగని ముందుకి తెచ్చి, పోగుల్ని ముందుకి మడిచి మళ్లీ రెండు చుట్లు. ఇంకోసారి వెనక్కి, ఇంకోసారి ముందుకి. నాలుగు మడతలయ్యాయి. మిగిలిన పోగుల్ని బెజ్జం వెనక కత్తిరించి, తీగ మెలికని బెజ్జం మీదుగా తొడిగే సగం ముడులు మూడు వేసి బిగించి, కొసని ఆడించి విరిచెయ్యండి. సూది మొనతో ఒక చుక్క వార్నిష్ ముడి మీద పెడితే పని పూర్తి.

ఆరాక ఉమ్మితో తడిపి గాజు గ్లాసులో నీళ్లలో వెయ్యండి. తడి ఈకలోంచి తీగ ఎర్రదనం పైకి తేలి, నింఫ్ ఆగకుండా అడుక్కి దిగాలి. మధ్యలో నిలబడితే తీగ చాల్లేదని గుర్తు.

రెండు చేపలు పడేసరికి పొట్ట విప్పుకుపోయి పోగులు వేలాడుతున్నాయి. నేను దారంతో కట్టి, పైన రాగి తీగ చుడతాను. – ఒక పాఠకురాలు, సియాటిల్

ట్రౌట్ పళ్లు చిన్నవే కానీ రంపంలా ఉంటాయి, ఫెజెంట్ పోగు పెళుసు. ఒక్క పోగు తెగినా దాని పట్టులో ఉన్న చుట్లన్నీ వదులవుతాయి. మీ పద్ధతిలో మందు సులువే. పోగుల్ని ఏ దిశలో చుట్టారో తీగని దానికి ఎదురు దిశలో, ఎడంగా ఐదారు చుట్లు వెయ్యండి. అదే దిశలో చుడితే తీగ పోగుల సందుల్లోకి దిగి దాక్కుంటుంది, ఏ పోగునీ అడ్డంగా పట్టుకోదు. ఎదురు దిశలో అయితే ప్రతి చుట్టూ పోగుల్ని దాటుతుంది. ఇంకో జాగ్రత్త: పోగులు చుట్టేముందు కాడ మీద దారపు చుట్లపై పలచగా వార్నిష్ పూసి, తడిగా ఉండగానే చుట్టండి. పోగుల్ని కూడా వేళ్లతో కొద్దిగా తడిపితే పెళుసుదనం తగ్గుతుంది. ఈక ఏళ్లనాటిదై ఎండకి వెలిసి ఉంటే ఏం చేసినా విరుగుతూనే ఉంటుంది, మార్చెయ్యండి.

కట్టడం బాగానే వస్తోంది, కానీ చివరికి బెజ్జం మూసుకుపోతోంది. నది దగ్గర నైలాన్ దూరడం లేదు. – ఒక పాఠకుడు, డాలస్

తల దగ్గర చోటు వదలకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. కొత్తగా కట్టేవాళ్లలో ఇంతకంటే సాధారణమైన తప్పు మరొకటి లేదు. ఛాతీ మడతలు ఒక్కోటి కొంచెం ముందుకి జరుగుతూ వస్తాయి. అందుకే మొదటి చుట్టు వేసేటప్పుడే బెజ్జం వెనక ఇంకో బెజ్జమంత కాడ ఖాళీగా వదిలి, చివరి ముడిదాకా ఆ ఖాళీని కాపాడుకోవాలి. వార్నిష్ బెజ్జంలోకి దిగితే, ఆరకముందే ఒక ఈక మొదలుని దూర్చి లాగండి, శుభ్రమైపోతుంది. ఆరిపోయినదాన్ని వేడి చేసిన సూదితో పొడవచ్చు.

తల దగ్గర లోహపు పూసలు పెట్టిన నింఫ్‌లు, పెట్టనివి రెండూ ఉన్నాయి. ఎప్పుడు ఏది? ఏ సైజు పూస? – ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

మోకాలి లోతు, నిదానపు ప్రవాహం అయితే పూస అక్కర్లేదు. తీగ బరువే చాలు, పడేటప్పుడు చప్పుడు కూడా తక్కువ. నడుము లోతు దాటినా, ప్రవాహం జోరుగా ఉన్నా పూస కావాలి. 14వ నంబరుకి 2.5 నుంచి 2.8 మి.మీ., 16కి 2 మి.మీ. దగ్గర్లో ఉన్నవి చూడండి. అదే సైజులో టంగ్‌స్టన్ పూస ఇత్తడి పూస బరువుకి దాదాపు రెట్టింపు ఉంటుంది, ధర కూడా ఎక్కువే.

పూసకి ఒకవైపు రంధ్రం చిన్నది, రెండోవైపు వెడల్పు. చిన్న రంధ్రం బెజ్జం వైపు ఉండాలి. కొక్కెం ముల్లుని ముందే నొక్కకపోతే పూస వంపు దాటి ఎక్కదు. పూస గిరగిర తిరుగుతుంటే దాని వెనక తీగతో నాలుగు చుట్లు వేసి, వెడల్పు రంధ్రంలోకి నెట్టి బిగించండి. పూస ఉన్నప్పుడు ఛాతీ బొడిపె మానెయ్యాలి. రెండూ పెడితే నింఫ్ పురుగులా కాక గుండుసూదిలా కనపడుతుంది.

సీసపు తీగ గురించి కూడా అడిగారు. బరువు కోసం చాలామంది చుడతారు కానీ సీసం విషం, నీటిపక్షులకి ప్రాణాంతకం. యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో సీసం ఉన్న సరంజామా వాడకూడదు, ముల్లు లేని కొక్కేలే వాడాలి. రాగి, టంగ్‌స్టన్ ఉండగా సీసం జోలికి వెళ్లకండి.

వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను. అమెరికా రకం నింఫ్ ఛాతీకి నెమలి ఈకలు మన దగ్గర చవగ్గా దొరుకుతాయి కదా, ఒక కట్ట తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

తెచ్చుకోకండి. నెమలి రాల్చిన తోక ఈకల్ని దేశం లోపల అమ్మడానికి వీలుంది కానీ దేశం దాటించడం నిషేధం. పెట్టెలో వేసుకున్న నాలుగు ఈకలైనా అంతే. అక్కడి ఫ్లై షాపుల్లో పెంపుడు నెమళ్ల ఈకలు చిన్న పొట్లాలుగా దొరుకుతాయి. ఒక నింఫ్‌కి పట్టేది మూడు పోగులే కాబట్టి ఒక పొట్లం రెండు మూడేళ్లు వస్తుంది.

ఈ విషయంలో గతం తెలిస్తే చట్టం ఎందుకో అర్థమవుతుంది. దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల కొసల్లో మైనపు చుక్కల్లాంటి మెరుపుంటుంది. బ్రిటన్‌లో సాల్మన్ చేపల కోసం ఫ్లైలు కట్టడానికి ఒకప్పుడు ఆ మెడలు ఇక్కడి నుంచి పెద్ద ఎత్తున వెళ్లేవి. మన అడవి పక్షి ఈక ఏదైనా సరే, కొక్కెం మీదకి రాకూడదన్నదే మా గట్టి అభిప్రాయం.

బెంగళూరులో ఉంటాను. హిమాచల్‌లో తీర్థన్ నదికి వెళ్లాలని ఉంది. ఫెజెంట్ ఈకా, ఆ సన్న తీగా ఇక్కడ దొరకడం లేదు. – ఒక పాఠకుడు

తీగ మీ వీధిలోనే ఉంది. మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి 38 లేదా 40 గేజ్ ఎనామెల్ తీగ అడగండి. 38 గేజ్ అంటే 0.15 మి.మీ., 40 గేజ్ అంటే 0.12 మి.మీ. చుట్టగా మిగిలిన ముక్కలైనా మనకి ఎక్కువే. ముదురు ఎరుపు ఎనామెల్ ఉన్నది ఎంచుకోండి. కాలిన మోటారులోంచి ఊడదీసిన తీగ వద్దు. ఎనామెల్ మాడి పెళుసెక్కి, మెలికలో విరిగిపోతుంది.

ఈకకి బదులు పెంపుడు టర్కీ కోడి తోక ఈక వాడండి. పోగులు కాస్త లావు కాబట్టి 14వ నంబరుకి మూడు చాలు. తెల్లదైతే చిక్కటి టీ డికాషన్‌లో రాత్రంతా నానబెట్టండి, లేత గోధుమరంగు వస్తుంది. ఎండాక, గాలి చొరని కవర్లో పెట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు పట్టదు. తీర్థన్‌లో గాలం వెయ్యడానికి మత్స్యశాఖ లైసెన్సు కావాలి. చలికాలంలో ట్రౌట్ గుడ్లు పెట్టే నెలల్లో వేట మూసేస్తారు, తేదీలు చూసుకుని టిక్కెట్లు కొనండి.

గోదావరిలో ఈ నింఫ్ పనిచేస్తుందా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

ట్రౌట్ కోసమైతే లేదు. దానికి చల్లటి నీళ్లు కావాలి. 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరి కష్టమవుతుంది, గోదావరి నీళ్లు ఆ చల్లదనానికి దిగవు. మనకి దగ్గర్లో ట్రౌట్ ఉన్నది నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో. బ్రిటిష్ వాళ్ల కాలంలో తెచ్చి వదిలినవి.

నింఫ్ చక్కగా కట్టానని అందరూ మెచ్చుకుంటున్నారు. చేప మాత్రం ముట్టడం లేదు. రంగు మార్చాలా? – ఒక పాఠకుడు, పోర్ట్‌లాండ్

రంగు ఆఖరున మార్చాల్సింది. మీ నింఫ్ అడుగుదాకా దిగుతోందా అన్నది మొదటి ప్రశ్న. పది పన్నెండు సార్లు వేస్తే ఒక్కసారైనా రాయికో పాచికో తగలాలి. ఎప్పుడూ తగలడం లేదంటే అది చేపల తల మీదుగా వెళ్లిపోతోంది. ఇండికేటర్ (చేప పట్టిందని చూపే తేలే బెండు) వాడుతుంటే దానికీ నింఫ్‌కీ మధ్య నైలాన్ నీటి లోతుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. చేప ఉన్న చోటుకి ఇంకా ఎగువన వెయ్యండి, దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

రెండోది, ఈడుపు. పైన ప్రవాహం లైనుని (కర్ర నుంచి నైలాన్‌దాకా ఉండే లావు దారాన్ని) లాగుతుంటే కింద నింఫ్ పక్కకి కొట్టుకుపోతుంది. నిజం పురుగు అలా వెళ్లదు. ఇండికేటర్ పక్కన తేలే నురగనీ ఇండికేటర్‌నీ కలిపి చూడండి. ఇండికేటర్ ముందుకి పోతుంటే ఈడుపు ఉన్నట్టే, లైనుని ఎగువకి ఎత్తి వెయ్యాలి.

నైలాన్ మందం కూడా చూడండి. 14, 16 నంబర్లకి 5ఎక్స్, అంటే 0.15 మి.మీ. సరిపోతుంది. లావు నైలాన్ నింఫ్‌ని దిగనివ్వదు. ముడి బిగించేముందు తడపండి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గి, చేప పడ్డప్పుడు ముడి దగ్గరే తెగుతుంది.

చేప కనపడుతూ కూడా తీసుకోకపోతే సాయర్ చూపించిన ఉపాయం ఒకటుంది. నింఫ్ చేప ముందుకి రాగానే కర్ర కొసని జానెడు నెమ్మదిగా పైకి ఎత్తండి. అడుగున కొట్టుకొస్తున్న పురుగు ఒక్కసారి పైకి ఈదబోతున్నట్టు ఉంటుంది. అప్పటిదాకా పట్టించుకోని చేప కూడా వెనక్కి తిరిగి అందుకుంటుంది. ఎంత తేట నీళ్లయినా నోరు తెరిచినప్పటి తెల్లటి మెరుపు మాత్రమే కనపడుతుంది, అదే మీ గుర్తు.

పోయిన ఏడాది కట్టినవి పెట్టెలో తుప్పు పట్టాయి. – ఒక పాఠకుడు, డెర్బీ

తడివి తడిగానే పెట్టెలో పెట్టి మూసి ఉంటారు. ఇంటికి రాగానే పెట్టె మూత తెరిచి ఒక రాత్రి గది గాలికి వదిలెయ్యండి. పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టకండి, ఈక పెళుసెక్కుతుంది. మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పెట్టెలో వేసి ఉంచండి. కాడ మీద తుప్పు పైపైన ఉంటే తుడిచి వాడుకోవచ్చు. మొన మీద తుప్పుంటే గోటి మీద ఆనించి చూడండి: గుచ్చుకోకుండా జారితే ఆ కొక్కెం పనికిరాదు. దాని మీది తీగ విప్పి ఇంకో నింఫ్‌కి వాడుకోండి.